అత్తమ్మ చూసేదాకా ఆగే బిల్డ్

నేను పనిచేసే కంపెనీ నాగపూర్‌లో ఉంది. నేను మాత్రం చంద్రపూర్‌లోనే, బాబుపేట్‌లోని మా ఇంటి ముందుగదిలో కూర్చుని పనిచేస్తాను. ఎప్పుడైనా అవసరం పడితే నాగపూర్ వెళ్లొస్తాను. మిగతాదంతా ఫోన్ మీదే నడుస్తుంది.

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పడం నాకు ఇప్పటికీ రాదు. యాప్ రాసేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లు రాసినవన్నీ ఒకచోట చేర్చి, తప్పులున్నాయేమో పరీక్షించి, వాడేవాళ్లకు అందేలా క్లౌడ్‌లో పెట్టాలి. క్లౌడ్ అంటే ఎక్కడో వేరే ఊళ్లో మేం అద్దెకు తీసుకున్న కంప్యూటర్లే. ఈ పనులు ప్రతిసారీ చేత్తో చేస్తే ఏదో ఒకటి మరిచిపోతాం. అందుకే ఏది ముందు చేయాలి, ఏది తర్వాత, ఏది చెడితే ఎక్కడ ఆగాలి అన్నది ఒక ఫైల్‌లో రాసి పెడతాం. దాన్నే బిల్డ్ స్క్రిప్ట్ అంటాం. దాన్ని ఒక్కో కస్టమర్‌కు తగ్గట్టు మార్చడం నా పని.

నా పెళ్లయిన కొత్తలో మా అత్తమ్మ నా వెనక నిలబడి తెర వైపు చూసింది. వరుసలు వాటంతటవే పైకి పోతున్నాయి.

"గిదేంది బిడ్డా, నువ్వేం ముట్టకుంటనే అదే రాసుకుంటున్నది?"

"మొన్న నేను రాసి పెట్టిన అత్తమ్మా. ఇప్పుడు అది గట్ల చేస్కుంట పోతది."

"మరి నువ్వెందుకు కూసున్నవ్?"

"యాడనన్న ఆగుతదేమోనని."

ఆమె తలూపింది. "మీ మామ గూడ గంతే. గనిల బెల్టు నడుస్తుంటే పక్కన నిలవడేటోడు. బెల్టు ఆగితేనే ఆయనకు పని."

మామయ్య కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నా పెళ్లినాటికే ఆయన లేరు. అత్తమ్మ తన ఊరి బడిలో ఏడో తరగతి దాకా తెలుగు చదువుకుంది. బల్లార్షా వెళ్లినవాళ్లు ఎవరైనా తెలుగు పేపరు తెస్తే మడతలు విప్పి మూల మూలా చదువుతుంది. మా ఆయన పుట్టిందీ చదివిందీ ఇక్కడే, మరాఠీలో. నాది రాజురా తాలూకాలో, లక్కడ్‌కోట్ దాటితే తెలంగాణ అనేంత దగ్గర్లో ఉన్న పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు అక్షరాలను బస్సుల మీద, సినిమా పోస్టర్ల మీద చూసి గుర్తుపట్టేదాన్నే తప్ప చదవడం రాదు. అలా మా ఇంట్లో తెలుగు చదవగలిగిన మనిషి అత్తమ్మ ఒక్కతే.

కోర్పనా రోడ్డు మీద సిమెంటు లోడింగ్ కోసం వచ్చే లారీలు ఆగడానికి ఒక యార్డు ఉంది. ఇదివరకు అక్కడ మైకులో లారీ నంబర్ పిలిచేవారు. నిద్రలో ఉన్న డ్రైవర్ వినకపోతే అతని లారీ వరుస చివరికి పోయేది. ఈ గొడవ లేకుండా డ్రైవర్ ఫోన్‌కు మెసేజ్ వెళ్లేలా, యార్డు గోడ మీద పెద్ద తెరపై కూడా కనిపించేలా ఒక యాప్ చేయమని యార్డు నడిపేవాళ్లు మా కంపెనీని అడిగారు. మొదట మరాఠీ, హిందీ, ఇంగ్లీష్‌లలో చేశాం. ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే డ్రైవర్లు చాలామంది ఉన్నారు, తెలుగు కూడా పెట్టండి అన్నారు తర్వాత.

మా బాస్ మరాఠీ మనిషి. నన్ను తాయీ, అంటే అక్కా, అని పిలుస్తారు. "తాయీ, మీరు తెలుగువాళ్లే కదా, అది మీరు చూసుకోండి" అన్నారు.

నేను తెలుగుదాన్నే కాబట్టి కాదనలేకపోయాను. వాక్యాలన్నీ ఎవరో ఇంగ్లీష్ నుంచి తెలుగులోకి మార్చి ఫైల్ పంపారు. స్క్రిప్ట్‌లో తెలుగు కోసం కొత్త వరుసలు కలిపాను. యార్డులోని తెర పాతది, అందులో తెలుగు అక్షరాలే లేవు. అందుకని అక్షరాల ఫాంట్‌ను కూడా యాప్‌తో పాటే పంపేలా చేశాను. బిల్డ్ నడిచింది. పరీక్షలన్నీ ఆకుపచ్చగా వచ్చాయి. తెర మీద చూస్తే తెలుగు తెలుగులాగే ఉంది. క్లౌడ్‌కు ఎక్కించాను.

యార్డు సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. మరాఠీలో, కోపాన్ని అణుచుకుంటూ మాట్లాడాడు. "తాయీ, తెలుగులో ఏం రాశారు? నంబర్ వస్తే డ్రైవర్లు గేటు దగ్గరికి పోవడం లేదు. నా కిటికీ దగ్గరికి వచ్చి కొట్లాడుతున్నారు. సాయంత్రంలోగా తెలుగు తీసేయండి."

నేను నాకు తెలిసిన చోట్లన్నీ వెతికాను. సర్వర్ బాగానే ఉంది. మెసేజ్‌లు సరైన లారీకే, సరైన సమయానికే పోతున్నాయి. ఎక్కడా ఎరుపు లేదు. ఇక చేసేదేమీ తోచక ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. అత్తమ్మ కింద కూర్చుని మెంతికూర తెంపుతోంది.

"అత్తమ్మా, గిది ఒక్కసారి చదివి చెప్పు."

ఆమె చేయి తుడుచుకుని, అద్దాలు పెట్టుకుని, ఫోన్‌ను దూరం జరిపి, దగ్గరికి తెచ్చి చూసింది.

"గిదేం తెలుగు? ఒత్తులన్నీ యాడ పోయినయ్?"

"ఒత్తులంటే?"

అత్తమ్మ నా వైపు చూసింది. పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడుతున్నాను, ఆ మాట మాత్రం నేను వినలేదు. ఆమె పెన్ను తెమ్మని, పాత పేపరు అంచు మీద రాసి చూపించింది. "అమ్మ అని గిట్ల రాస్తరు. మ కింద ఇంకో మ చిన్నగ ఉంటది. అదే ఒత్తు. మీ దాంట్ల అమ్‌మ అని ఉన్నది. కిందికి పోవాల్సింది పక్కకొచ్చి నిలవడ్డది."

చదవడం రాకపోయినా తేడా కనిపించింది. ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లి స్క్రిప్ట్‌ను మొదటి నుంచి చదివాను. నాకంటే ముందు పనిచేసి మానేసినాయన అందులో ఒక వరుస రాసి పెట్టాడు. యాప్ తేలికగా ఉండాలని, ఫాంట్‌లో వాడని వాటిని కత్తిరించి పారేసే వరుస అది. అతను ఇంగ్లీష్‌ను మనసులో పెట్టుకుని రాశాడు. ఇంగ్లీష్‌కు ఒత్తులు లేవు. అది తెలుగు ఫాంట్‌లో కూడా అక్షరాలను ఉంచి, ఒత్తులను అక్కరలేనివనుకుని తీసేస్తోంది. మరాఠీ, హిందీలకు మేం ఫాంట్ పంపలేదు, ఫోన్లలో, యార్డు తెరలో ముందే ఉన్నదాన్నే వాడుకున్నాం. అందుకే ఇన్నాళ్లూ ఈ సంగతి బయటపడలేదు.

తెలుగుకు ఆ కత్తిరింపు లేకుండా స్క్రిప్ట్ మార్చి మళ్లీ నడిపాను. ఫోన్ తెచ్చి చూపిస్తే అత్తమ్మ, "ఆఁ, ఇగ వచ్చినయ్" అంది. నేను సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయబోతుంటే ఆమె ఇంకా తెర వైపే చూస్తోంది. పైకి చదివింది.

"మీ వంతు ముగిసినది. ద్వారము వద్దకు రాగలరు." అద్దాలు సర్దుకుని, "వంతు ముగిసినంక ద్వారం కాడికెందుకు రమ్మంటున్నరు బిడ్డా? లారీ మలుపుకొని ఇంటికి పొమ్మన్నట్టున్నది."

నేను ఇంగ్లీష్ వాక్యం తీసి చూశాను, 'యువర్ టర్న్ ఈజ్ అప్' అని ఉంది. అక్కడున్న మాటకు వంతు వచ్చిందనీ చెప్పుకోవచ్చు, వంతు అయిపోయిందనీ చెప్పుకోవచ్చు. తెలుగు చేసినవాళ్లు రెండోది ఎంచుకున్నారు. పొద్దుటి నుంచి లారీలో కూర్చున్న మనిషికి నీ వంతు ముగిసింది అని మెసేజ్ పోతే అతను కిటికీ దగ్గరికి రాక ఏం చేస్తాడు?

"మరి ఏం రాయాలె?"

"వంతు అని డ్రైవర్లు ఎవరంటరు? నంబర్ అంటరు. మీ నంబర్ వచ్చింది, గేటు దగ్గరకు రండి అని రాయి. అయిపాయె."

అలాగే రాసి, మళ్లీ క్లౌడ్‌కు ఎక్కించాను.

యార్డులోని పాత తెర మాత్రం కొత్త బిల్డ్‌ను తనంతట తాను తీసుకోలేదు. ఎవరో ఒకరు వెళ్లి దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. మర్నాడు నేను బయల్దేరుతుంటే అత్తమ్మ కూడా చీర మార్చుకుని వచ్చింది. రాజురాలో తన చెల్లెలి వరస ఆమెను చూడాలంది. రాజురాలో దిగకుండా నాతో యార్డు దాకా వచ్చేసింది.

తెరను ఆపి మళ్లీ మొదలుపెట్టాక నేను దాని వెనక వైర్లు చూస్తుంటే, ఎవరో వేసిన ప్లాస్టిక్ కుర్చీలో ఆమె ఆ తెర కిందే కూర్చుంది. నీడ కోసం అక్కడికి వచ్చిన ఒక డ్రైవర్ ఆమె మాట విని ఆగాడు.

"పెద్దమ్మా, మన తెలుగోళ్లా? ఏ లారీ మీది?"

"మాది లారీ కాదు నాయినా. గా పైన రాసింది మాది."

అతను తలెత్తి చదివాడు. "గిప్పుడు మంచిగున్నది. నిన్న మావోడు ఒకడు లారీ తిప్పుకొని రాజురా దాకా పోయిండు."

కాసేపటికి అతని నంబరే వచ్చింది. తెర చూసి, భుజం మీది తువ్వాల దులుపుకుని, సూపర్‌వైజర్ కిటికీ వైపు పోకుండా గేటు వైపు నడిచాడు. సూపర్‌వైజర్ మాకు చాయ్ తెప్పించాడు. వచ్చేటప్పుడు రాజురాలో దిగి అత్తమ్మ చెల్లెలిని కూడా చూసి వచ్చాం.

ఆ తర్వాత నాకు ఒక ఆలోచన మిగిలింది. యాప్ మారినప్పుడల్లా వాక్యాలూ మారతాయి. కోడ్‌లో తప్పుంటే స్క్రిప్ట్ పట్టుకుంటుంది. వంతు రావడానికీ ముగియడానికీ తేడా దానికి తెలియదు, తెలుగులో నాకూ తెలియలేదు. అందుకని స్క్రిప్ట్‌లో ఒక కొత్త మెట్టు పెట్టాను. బిల్డ్ అయ్యాక, క్లౌడ్‌కు ఎక్కే ముందు, తెలుగు తెరలన్నిటినీ ఫోటోలు తీసి అత్తమ్మ ఫోన్‌కు పంపుతుంది. కింద రెండు మీటలు. ఒకటి 'మంచిగున్నది', రెండోది 'ఆపు'. ఆమె మొదటిది నొక్కేదాకా ఏదీ ముందుకు పోదు.

బాస్‌కు తెలుగు చూసే మనిషి ఒకరు ఉన్నారని మాత్రమే చెప్పాను. ఎవరని అడిగితే ఇంట్లోవాళ్లే అన్నాను. ఆయన నవ్వి, సరే అన్నారు.

అత్తమ్మ ఆ పనిని తేలిగ్గా తీసుకోలేదు. ఫోన్ మోగితే ఉన్న పని ఆపి, అద్దాలు తుడుచుకుని, కిటికీ దగ్గర కూర్చుని చదివేది. ఒకసారి 'ఆపు' నొక్కి నన్ను పిలిచింది.

"మీ బరువు ఎక్కువగా ఉన్నది, దయచేసి తగ్గించుకోండి. గిది లారీకి చెప్తున్నవా, డ్రైవర్‌కు చెప్తున్నవా?"

ఆ వాక్యం లారీలోని లోడు గురించి. మార్చాం. మా ఆయన ఆ సాయంత్రం అన్నం తింటుంటే, "మీ బరువు ఎక్కువగా ఉన్నది" అని అత్తమ్మ చాలా గంభీరంగా చెప్పింది. ఆయనకు సంగతి తెలియదు. కంచం వైపు చూసుకున్నాడు.

ఇబ్బంది ఆమె పెద్దపల్లి దగ్గర పెళ్లికి వెళ్లినప్పుడు వచ్చింది. యార్డులో లారీలను తూచే కాంటా బరువులు యాప్‌లో తప్పు పడుతున్నాయి. సరిచేసిన కోడ్ పొద్దున్నే సిద్ధమైంది. స్క్రిప్ట్ నడిచి నడిచి, అత్తమ్మ మెట్టు దగ్గర ఆగింది. ఆమె ఫోన్ ఎత్తడం లేదు. పెళ్లివాళ్ల ఇంట్లో ఎవరి నంబరూ నా దగ్గర లేదు. మధ్యాహ్నం అయ్యాక బాస్ ఫోన్ చేశారు. ఆ మనిషి ఎవరో అప్పటికి ఆయనకు తెలిసిపోయింది.

"తాయీ, కంపెనీ మొత్తం మీ అత్తగారి చేతిలో ఉందా? ఆ మెట్టు తీసేయండి."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కాంటా బరువుకూ తెలుగుకూ సంబంధమే లేదు, అయినా దాని కోసం లారీలు ఆగాయి. అప్పటికి ఆ మెట్టును పక్కన పెట్టి కోడ్ పంపించాను. కానీ పూర్తిగా తీసేయడానికి మనసు ఒప్పలేదు. తెలుగు వాక్యాలు మారాయా లేదా అని స్క్రిప్ట్ ముందు చూసుకునేలా రాశాను. మారకపోతే ఆగకుండా పోతుంది. మారితే మిగతాదంతా పోతుంది, తెలుగు మాత్రం అత్తమ్మ చూసేదాకా పాత వాక్యాలతోనే ఉంటుంది. చెప్పడానికి తేలికే కానీ చేయడానికి చాలా తిప్పలు పడ్డాను. కొత్తా పాతా కలిసిపోయి తెర సగం ఖాళీగా వచ్చేది. చివరికి కుదిరింది. బాస్ చూసి, "ఆతా ఠీక్", ఇప్పుడు బాగుంది, అన్నారు.

అత్తమ్మ పెళ్లి నుంచి వచ్చాక ఈ మార్పు చెప్పాను. నొచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"అంటే నేను ఒత్తకున్నా పోతదా?"

"తెలుగు మారకుంటే పోతది."

"మంచిదే. నా ఫోన్ సంచిల పడి మొత్తుకున్నదట. నేను వంటలకాడ ఉన్న."

వర్షాకాలం వెళ్లాక ఒక రోజు సూపర్‌వైజర్ మళ్లీ ఫోన్ చేశాడు. తెలుగు తెరలో ఒక వాక్యం సగమే కనిపిస్తోంది, చివరి మాటలు అంచు దగ్గర తెగిపోయాయి. అత్తమ్మ దానికి 'మంచిగున్నది' నొక్కి ఉంది. ఆమెకు ఫోటో చూపించి అడిగాను. చాలాసేపు చూసింది. ఫోన్‌ను వెలుగు వైపు తిప్పింది.

"కనవడ్తలేదు బిడ్డా. శానా రోజులాయె. పొగ లెక్క ఉంటది."

"మరి ఎందుకు ఒత్తినవ్ అత్తమ్మా? నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే ఇంకొకరిని పెట్టుకుంటవ్. రోజంత ఇంట్ల ఉండి నేనేం చేస్త?"

నేను రోజంతా అదే ఇంట్లో ఉంటాను. నాకు పది మంది ఫోన్లు చేస్తారు, అది అయిందా, ఇది అయిందా అని అడుగుతారు. ఆమెను అడిగేది ఆ ఒక్క మెట్టే. "ఎవరినీ పెట్టుకోను" అన్నాను. ఆ వారంలోనే కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. మోతిబిందు, అంటే కంట్లో శుక్లం, అన్నారు. ఆపరేషన్ చేశారు. కొంతకాలం ఫోన్ వైపు చూడొద్దని గట్టిగా చెప్పారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చాలా తెలుగు వాక్యాలు ఉన్న బిల్డ్ ఒకటి వచ్చింది. బాస్ ఆగుదామన్నారు, కానీ యార్డువాళ్లకు తొందర ఉంది. అత్తమ్మ నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుంది. నేను పక్కన స్టూల్ మీద.

"నువ్వు చదువు, నేను ఇంట" అంది.

"నాకు రాదు కదా."

"ఎట్ల కనవడ్తదో చెప్పు."

చెప్పాను. మొదటి అక్షరం సున్నలాగా గుండ్రంగా ఉంది, పైన టిక్కు పెట్టినట్టు ఉంది.

"కడుపుల చుక్క ఉన్నదా?"

"లేదు."

"అయితే ర. చుక్క ఉంటే ఠ. ముందుకు నడు."

అలా ఒక్కో అక్షరం, ఒక్కో ఒత్తు. కొన్నిటికి నేను చెప్పే పోలికలు ఆమెకు అర్థమయ్యేవి కావు. అప్పుడు నా వేలు పట్టుకుని తన అరచేతిలో రాయించుకునేది. మొదటి వాక్యానికి పట్టినంత సమయం చివరి వాక్యాలకు పట్టలేదు. కొన్ని నేను ముందే చదివేస్తుంటే ఆమె ఊఁ కొట్టింది. ఒకచోట 'వేచియుండుడి' అని చదివాను.

"ఏందీ?"

"వే, చి, యు..."

"చదివింది మంచిగనే చదివినవ్. రాసినోడే మంచిగ రాయలే. ఆగండి అని పెట్టు."

ఆ రోజు మీట నొక్కింది నేను. ఆమె చెప్పాకే నొక్కాను. తర్వాత ఆమె కళ్లు బాగయ్యాయి, మునుపటి కంటే బాగా కనిపిస్తోంది అంటుంది. మీట మళ్లీ ఆమె ఫోన్‌లోకే వెళ్లింది. నేను చదవడం ఆపలేదు. ఆమె పాత పేపర్లు తీసి చదివేదాన్ని, తర్వాత రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు రాస్తున్నది కూడా అలా వచ్చిందే. ఒత్తులు ఆమె ఒకసారి చూస్తుంది.

ఈ మధ్య మా కంపెనీకి రాజురా వైపు నుంచి ఇంకో పని వచ్చింది. పత్తి రైతులకు విత్తనాలు, మందుల గురించి చెప్పే యాప్. సరిహద్దు ఊళ్ల కోసం తెలుగు కూడా కావాలన్నారు. యార్డు కోసం రాసిన స్క్రిప్ట్‌నే తీసుకుని దీనికి తగ్గట్టు మారుస్తున్నాను. అత్తమ్మకు మొదటి ఫోటోలు పంపితే చదివి పక్కన పెట్టింది.

"అక్షరాలు మంచిగున్నయ్. పత్తి ముచ్చట నాకేమెరుక? మీ అమ్మనడుగు."

మా అమ్మకు చదవడం రాదు. ఫోన్ చేసి నేనే చదివి వినిపించాను. "విత్తనములను నాటుటకు అనువైన సమయము."

అమ్మ చేను దగ్గర ఉన్నట్టుంది, గాలి శబ్దం వస్తోంది. "పత్తి గింజలు నాటుతరా? పెడ్తరు" అంది. "గింజలు పెట్టనీకి ఇది మంచి అదును అను. ఇంకేమున్నదో చదువు, తొందరగ. కూలోళ్లు వచ్చిండ్రు."

మిగతావి చదివాను. ఆమె చెప్పినవి మార్చాను. అత్తమ్మ చూసి 'మంచిగున్నది' నొక్కింది. బిల్డ్ కదిలింది.